ముసురులో చెమట గది

మదనపల్లెలో సౌనా ఏమిటండీ, చోద్యం కాకపోతే, అని బెజవాడ పాఠకులు నవ్వుతున్నారు. నవ్వనివ్వండి. ఏప్రిల్ వస్తే వాళ్ళకు ఊరే చెమట గది. డబ్బు పోసి ఇంకోటి కట్టుకోవాల్సిన ఖర్మ వాళ్ళకు లేదు. నేను మాట్లాడుతున్నది పడమటి మండలాల వాళ్ళతో. మదనపల్లె, పుంగనూరు, కుప్పం. సముద్రమట్టానికి రెండు వేల అడుగుల పైన కూర్చున్న ఊళ్ళు. పక్కనున్న హార్సిలీ హిల్స్ అయితే నాలుగు వేలు దాటింది.

కార్తీకంలో బంగాళాఖాతంలో వాయుగుండం పుట్టిందంటే మన అవస్థ మీకు తెలిసిందే. వాన గట్టిగా పడదు, పూర్తిగా వదలదు. మూడు రోజులు సూర్యుడి జాడ ఉండదు. దండెం మీద పంచె ఆరదు, డబ్బాలో అప్పడం మెత్తబడుతుంది, ఈశాన్యపు గోడ నిమ్మెక్కుతుంది, పెద్దవాళ్ళు మోకాళ్ళు రుద్దుకుంటూ నీళ్ళ పొయ్యి దగ్గర్నుంచి లేవరు. సరిగ్గా అప్పుడే ఎవరో ఒకరు ఫోన్ చేసి, "ఇంట్లో సౌనా పెట్టించుకుంటే ఎట్లుంటుంది సామీ?" అంటారు.

అడిగేవాళ్ళు ఈమధ్య ఎక్కువయ్యారు. కొడుకు ఫిన్లాండులో ఎస్పూలో ఉద్యోగం చేస్తుంటాడు, అక్కడి అపార్ట్‌మెంటులో వారానికొక గంట సౌనా వంతు వస్తుంది, అమ్మానాన్నలు చూడబోయి ఆ రుచి మరిగి వస్తారు. బెంగళూరు నుంచి వచ్చి కొండ కింద రెండెకరాలు కొన్నవాళ్ళు ఇంకొందరు. 2023 జూలైలో టమాటా ధర ఆకాశానికంటినప్పుడు ఇల్లు బాగుచేయించుకున్న రైతులు కూడా ఉన్నారు. ఎందుకుండకూడదు? ఏసీ పెట్టుకుంటే అడగని జనం, వేడి గది పెట్టుకుంటే మాత్రం ఎందుకడగాలి?

ఒక్కటి మాత్రం మొదటే తేల్చుకోవాలి. మనవి చల్లని ఊళ్ళే, తడి ఊళ్ళు కావు. మదనపల్లె పక్కన ఆరోగ్యవరంలో క్షయరోగులకు శానిటోరియం కట్టిన మిషనరీలు ఈ గాలిని చూసుకునే ఇక్కడికొచ్చారు. 1910ల్లో మొదలైన ఆ ఆస్పత్రిని నిలబెట్టిన డాక్టర్ క్రిస్టియన్ ఫ్రిమోట్ మోలర్ డెన్మార్క్ దేశస్థుడు. వరండాల్లో మంచాలు వేయించి, రోగులను ఆరుబయటి గాలికి పడుకోబెట్టడం ఆ రోజుల వైద్యం. ఇక్కడి గాలి ఏడాదిలో ఎక్కువ కాలం పొడిగా, హాయిగా ఉంటుంది. తడి అంటారా, అది ఈశాన్య రుతుపవనాల పుణ్యమా అని వచ్చే కొన్ని వారాలు. సౌనా ఎంచుకోవడమంతా ఆ కొన్ని వారాల చుట్టూనే తిరుగుతుంది. గది ఎంత వేడెక్కుతుందన్నది అమ్మేవాడు చెప్తాడు. వాడకం అయ్యాక అది ఎట్లా ఆరుతుందన్నది మనం అడగాలి.

వింతేమిటంటే, బయట ముసురు పట్టి ఉన్నా లోపల సౌనా తడిగా ఉండదు. బయటి గాలి 18 డిగ్రీల దగ్గర నిండా తేమతో ఉందనుకోండి. అదే గాలిని గదిలోకి తీసుకుని 80 డిగ్రీలకు వేడి చేస్తే, అందులోని నీటి ఆవిరి అంతే ఉన్నా, గాలి మోయగలిగిన తేమలో అది నాలుగైదు శాతానికి పడిపోతుంది. అందుకే 80, 90 డిగ్రీల గదిలో మనిషి కూర్చోగలుగుతున్నాడు. చెమట పట్టీ పట్టకముందే ఆరిపోతూ ఒంటిని కాపాడుతుంది. మధ్యలో వేడి రాళ్ళ మీద ఒక గరిటెడు నీళ్ళు పోస్తే గుప్పున ఆవిరి లేచి ఒంటికి తగులుతుంది. ఫిన్లాండు వాళ్ళు ప్రాణం పెట్టేది ఆ క్షణానికే. యాభై ఐదు లక్షల జనాభాకు ముప్ఫై లక్షల సౌనాలున్నాయంటారు ఆ దేశంలో. వాళ్ళ సౌనా సంప్రదాయం 2020లో యునెస్కో జాబితాకు కూడా ఎక్కింది.

గొడవంతా పొయ్యి ఆర్పాకే. గది చల్లారుతుంటే ఆ తేమంతా చెక్కల సందుల్లోకి, గోడ వెనక్కి పోయి కూర్చుంటుంది. వేసవిలో అయితే తలుపు తెరిచిపెడితే పొద్దుటికి ఎండిపోతుంది. ముసురులో తెరిచిపెడితే బయటి నిమ్ము లోపలికొస్తుంది. తర్వాత బూజు, దాని వెనకాల చెదలు. ఫిన్లాండు పుస్తకాల్లో చెదల మాటే ఉండదు. మనకు ముందు రాయాల్సిన మాట అదే.

ఇప్పుడు రకాలు. బజారులో మూడున్నాయి. ఆవిరి గది అనేది ఒకటి. 45 డిగ్రీల లోపు వేడి, గది నిండా ఆవిరి, గోడలకు టైల్స్. హోటళ్ళలో చూసి చాలామంది దాన్నే సౌనా అనుకుంటారు. మన ముసురు వారాలకు దీన్ని నేను ఒప్పుకోను. తడి ఇంట్లోకి ఇంకా తడి తెచ్చుకోవడం అది. రోజూ తుడిచే మనిషి ఉంటే సరే, లేకపోతే నెల తిరిగేసరికి టైల్స్ సందుల్లో పాకుడు పడుతుంది.

రెండోది ఇన్‌ఫ్రారెడ్ పెట్టె. పలకలు వెలిగి నేరుగా ఒంటిని వేడి చేస్తాయి, గాలి 45 నుంచి 60 డిగ్రీల మధ్యే ఉంటుంది, నీళ్ళు పోసేది లేదు, కాబట్టి గదిలో తడీ లేదు. రెండు కిలోవాట్ల లోపు పెట్టె అయితే గీజరుకు వాడే 16 ఆంపియర్ల ప్లగ్గుకే సరిపోతుంది. గంటకు రెండు యూనిట్లు. అపార్ట్‌మెంటులో ఉన్నవాళ్ళకు, 80 డిగ్రీల వేడికి తట్టుకోలేని వాళ్ళకు ఇదే మేలు. ఫిన్లాండు వాడు మాత్రం దీన్ని సౌనా అంటే ముఖం చిట్లిస్తాడు. రాయి లేదు, ఆవిరి లేదు, వాడి బాధలో న్యాయం ఉంది.

మూడోది అసలుది. రాళ్ళ పొయ్యి ఉన్న చెక్క గది. కరెంటుతో గానీ కట్టెలతో గానీ మండేది. పెరడు ఉన్నవాళ్ళకు నా ఓటు దీనికే. కారణం విన్నారంటే మీరే ఒప్పుకుంటారు. మూడింట్లో తనను తాను ఆరబెట్టుకోగలిగింది ఇదొక్కటే. మనిషి బయటికొచ్చాక ఇంకో అరగంట పొయ్యి అట్లాగే వదిలి, గాలి రంధ్రాలు తెరిచి ఉంచితే, ఆ వేడే తేమను బయటికి నెట్టేస్తుంది. కింద పొయ్యి పక్కన ఒక రంధ్రం, ఎదుటి గోడలో ఒకటి. ఈ రెండూ లేని గదిని ఎంత తక్కువకు ఇచ్చినా తీసుకోవద్దు.

కట్టించే దగ్గరికి వస్తే మన ఇళ్ళతో పెద్ద చిక్కుంది. మన స్లాబు పది అడుగుల ఎత్తున ఉంటుంది. వేడి పైకి పోతుందని చెప్పడానికి సైన్సు మాస్టారు అక్కర్లేదు. పది అడుగుల గదిలో పొయ్యి పెడితే స్లాబుకు పడుతుంది చెమట, మనకు కాదు. సౌనా లోపలి కప్పు ఏడు అడుగులకు మించకూడదు. పై బల్ల ఆ కప్పుకు మూడున్నర అడుగుల కిందే ఉండాలి. కాళ్ళు పెట్టుకునే చోటు కూడా పొయ్యి మీది రాళ్ళకు పైనే ఉంటే మంచిది, లేకపోతే తల కాగుతుంది, పాదాలు చల్లగా ఉంటాయి. కాబట్టి ఖాళీగా ఉన్న స్టోర్ రూములో పొయ్యి పెట్టించేద్దాం అనుకునేవాళ్ళు, ముందు లోపల ఇంకో చిన్న చెక్క పెట్టె కట్టించాలి.

ఆ గోడ లోపల ఏముండాలో కూడా వినండి. ఇటుక గోడ, దాని మీద వేడిని ఆపే దూది లాంటి పొర, దాని మీద అల్యూమినియం రేకు కాగితం అతుకులు కనిపించకుండా టేపు వేసి, తర్వాత వేలెడంత ఖాళీ, ఆపైన చెక్క. ఆ ఖాళీ చూసి మన ఆచారి ఊరుకోడు. "ఏంది సామీ, సందు పెట్టి కొడితే గట్టిగా నిలుస్తుందా? బల్లి దూరుతాది" అంటాడు. నిలుస్తుందని చెప్పండి. చెక్క వెనక గాలి ఆడకపోతే ముసురు వారంలో అది ఉబ్బి వంకర పోతుంది. ఆచారి రెండో ప్రశ్న పాలిష్. వార్నిష్ లేని చెక్క పని అంటే ఆయనకు పీట మీద పెళ్ళికూతురు బొట్టు లేకుండా కూర్చున్నట్టు. ఇక్కడ మాత్రం మొహమాటపడొద్దు. లోపల వార్నిష్ వద్దు, ప్లైవుడ్ వద్దు, సన్‌మైకా అసలే వద్దు. 80 డిగ్రీల వేడికి వాటి జిగురు వాసన ముక్కులోకి దిగుతుంది, అది మంచిది కాదు.

చెక్క ఏది? టేకు గొప్పదే, కానీ బరువైన చెక్క వేడిని ఎక్కువగా ఒంటికి ఇస్తుంది. బల్ల మీద కూర్చుంటే చురుక్కుమంటుంది. తేలికగా, జిగురు కారకుండా, బాగా ఆరిన చెక్క కావాలి. డిపోలో దొరికే పైన్ చెక్క గోడలకు సరే గానీ ముడులు ఎక్కువుంటే వేడికి జిగురు కారుతుంది, బల్లలకు వాడొద్దు. ఎవరో ఒకరు నవ్వుతూ ఎర్రచందనం గురించి కూడా అడుగుతారు. అడిగినవాళ్ళకు సౌనా కంటే ముందు ఇంకో గది దొరుకుతుంది, దానికి తలుపు బయటి నుంచి వేస్తారు. ఆ మాట వచ్చింది కాబట్టి చెప్తున్నా, సౌనా తలుపు ఎప్పుడూ బయటికే తెరుచుకోవాలి, లోపలగానీ బయటగానీ గడియ ఉండకూడదు. కళ్ళు తిరిగిన మనిషి భుజంతో తోస్తే తెరుచుకోవాలి. ఇందులో బేరం లేదు.

నేల మాత్రం చెక్కది వద్దు. సిమెంటో, గరుకు రాయో వేసి, కాలువ వైపు వాలు ఇచ్చి, పైన తీసి ఎండబెట్టుకునే చెక్క పలకలు పరిస్తే చాలు. చెదలకు నేల మీదుగానే కదా దారి.

రాళ్ళ దగ్గరికి వచ్చేసరికి మనవాళ్ళు మీసం తిప్పవచ్చు. ఫిన్లాండులో సౌనా పొయ్యిల మీద పెట్టే పేరున్న రాయి ఆలివిన్ డయాబేస్. నల్లగా, బరువుగా, బిగువుగా ఉండే అగ్నిశిల. పాత చిత్తూరు జిల్లాలో నల్ల గ్రానైట్ పేరుతో కోసి అమ్మే రాయిలో చాలా భాగం నిజానికి గ్రానైటే కాదు, డోలరైట్. డయాబేస్, డోలరైట్ రెండూ ఒకే జాతి. దేశాలు దాటించి పెట్టెలో రాళ్ళు తెప్పించుకునే ముందు కుప్పం వైపు క్వారీల దగ్గర పగిలిపడ్డ నల్లరాతి ముక్కలు చూడండి. పిడికిలంత నుంచి రెండు పిడికిళ్ళంత వరకు, గరుకుగా ఉన్నవి. పాలిష్ పట్టిన పలకల ముక్కలు ముట్టుకోవద్దు, పగుళ్ళు కనపడకుండా వాటిలో జిగురు నింపుతారు. తెల్ల గ్రానైటూ వద్దు. అందులో పలుగురాయి ఎక్కువ, వేడికి ఒక ఖనిజం ఒకలా ఉబ్బి పగిలిపోతుంది. వంకలో దొరికే నున్నని గుండురాళ్ళు చూడ్డానికి ముచ్చటగా ఉంటాయి, వాటి లోపల నీరు చిక్కి ఉంటే మాత్రం పేలతాయి. పరీక్ష సులువు. రాయిని సుత్తితో తడితే గంటలా మోగాలి. నీళ్ళ పొయ్యిలో ఎర్రగా కాల్చి, దూరంగా నిలబడి, బకెట్ నీళ్ళలో వేస్తే పగలకూడదు. పొడి రాలకూడదు. ఏడాదికొకసారి రాళ్ళన్నీ దించి, నలిగినవి తీసేసి మళ్ళీ పేర్చుకోవాలి.

కరెంటు పొయ్యి అయితే లెక్క ఇట్లా. లోపలి గది ఘనపు మీటరుకు ఒక కిలోవాట్ సుమారు. ఆరున్నర అడుగుల పొడవు, అయిదు అడుగుల వెడల్పు, ఏడు అడుగుల ఎత్తు గది ఆరు ఘనపు మీటర్ల పైచిలుకు, అంటే ఆరు కిలోవాట్ల పొయ్యి. అద్దం తలుపు ఉన్నా, ఒక గోడ ఇటుకగానే వదిలేసినా దానికి ఇంకొంత కలపాలి. ఆరు కిలోవాట్లంటే సింగిల్ ఫేజ్ మీద 26 ఆంపియర్లు. ఇంటి ప్లగ్గు పని కాదు. విడిగా లావు వైరు, విడిగా బ్రేకరు, సరైన ఎర్తింగు, విద్యుత్ సంస్థ దగ్గర లోడ్ పెంపుకు అర్జీ. ముసురు పట్టిన రాత్రి కరెంటు ఉంటుందా అన్న ప్రశ్న ఎట్లాగూ ఉంది.

ఇంకో సంగతి అమ్మేవాళ్ళు చెప్పరు. కరెంటు పొయ్యి తీగల చుట్టూ ఉండే పొడికి తేమ పీల్చే గుణముంది. మార్చి నుంచి అక్టోబరు దాకా ముట్టుకోకుండా, కార్తీకంలో ముసురు పట్టాక స్విచ్ వేస్తే లీకేజీ బ్రేకరు టక్కున పడిపోతుంది. పొయ్యి చెడిపోయిందని మెకానిక్కును పిలుస్తారు. చెడిపోలేదు, తడిసింది. వాడినా వాడకపోయినా రెండు మూడు వారాలకొకసారి కాసేపు వేడి చేస్తుంటే ఈ బాధ ఉండదు.

కట్టెల పొయ్యి అయితే ఇవేమీ లేవు గానీ పొగ గొట్టం, కప్పు దాటే చోట చుట్టూ కాలని పదార్థం, గదిలోకి తాజా గాలి, ఇవి తప్పనిసరి. పాత మామిడి తోటలు కొట్టేసిన చోట కట్టెకు కొదవ లేదు. ఎండిన కట్టె కావాలి. తడి కట్టె పొగ తప్ప వేడి ఇవ్వదు. ముసురుకు ముందే కప్పు కిందికి చేర్చుకోవాలని మన ఆడవాళ్ళకు నేను చెప్పనక్కర్లేదు.

మరీ ఇంత వేడీ తేమా లెక్కలు మనకు కొత్తా అంటే, కాదు. మదనపల్లె, పలమనేరు, కుప్పం వైపు పట్టుపురుగులు పెంచే రైతును అడగండి. పురుగు చిన్నగా ఉన్నప్పుడు గదిలో తేమ ఎక్కువ ఉండాలి, నాలుగో జ్వరం, అంటే నాలుగోసారి కుబుసం విడవడం, దాటాక డెబ్బై శాతం దగ్గర ఆపాలి, వేడి 24, 25 డిగ్రీలు. ముసురు వస్తే ఆయన కిటికీ ఎంత తెరవాలో, సున్నం పొడి ఎప్పుడు చల్లాలో, కుంపటి ఎక్కడ పెట్టాలో చేతి లెక్కతో చూసుకుంటాడు. తేమ కొలిచే యంత్రం గోడకు వేలాడే ఇల్లు పల్లెలో ఏదైనా ఉందంటే అది పట్టుపురుగుల షెడ్డే. సౌనా కట్టించుకునే వాళ్ళు ఇంజనీరు కంటే ముందు అటువంటి రైతుతో అరగంట కూర్చుంటే డబ్బు మిగులుతుంది.

ఇంకా వెనక్కి పోతే చరక సంహిత ఉంది. సూత్రస్థానం పద్నాలుగో అధ్యాయమంతా చెమట పట్టించడం గురించే. నిప్పుతో చేసే స్వేదాలు 13 రకాలు చెప్పాడు చరకుడు. అందులో జేంతాకం అనేది అచ్చంగా ఒక భవనం. ఎత్తూ వెడల్పూ 16 మూరలు, మట్టి పూత, బోలెడు కిటికీలు, గోడ చుట్టూ మూరెడు అరుగు, నడుమ మనిషెత్తు మట్టి పొయ్యి, దానికి సన్నని చిల్లులు, మూత. చండ్ర కట్టెలు కాల్చి, పొగంతా పోయాక, నూనె రాసుకున్న రోగిని లోపలికి పంపాలి. ఇది చదివి ఫిన్లాండు వాళ్ళు మన దగ్గర నేర్చుకున్నారని వాట్సాప్‌లో పెట్టేవాళ్ళకు ఒక దండం. 16 మూరలంటే ఇరవై నాలుగు అడుగులు. అంత ఎత్తు గదిలో, అన్ని కిటికీలతో గాలి 80 డిగ్రీలకు చేరదు. కాగిన మట్టి పొయ్యి నుంచి వచ్చే వేడే ఒంటికి తగిలేది. అంటే అది ఇందాకటి ఇన్‌ఫ్రారెడ్ పెట్టెకు దగ్గర చుట్టం. బయటికి రాగానే చన్నీళ్ళ జోలికి పోవద్దని, కాసేపాగి గోరువెచ్చని నీళ్ళు పోసుకోమని కూడా అక్కడ ఉంది. ఫిన్లాండు వాడు ఐసు చెరువులో దూకుతాడు. మీరు ఎవరి మాట వింటారో మీ ఇష్టం. యాభై దాటినవాళ్ళకు నేను చరకుడి పక్షం.

ఆరోగ్యం మాట వచ్చింది కాబట్టి. 2015లో ఫిన్లాండు పరిశోధకులు రెండు వేల మూడు వందల మంది మగవాళ్ళను ఇరవై ఏళ్ళు గమనించిన లెక్క ఒకటి వెలువడింది. వారానికి నాలుగు నుంచి ఏడు సార్లు సౌనా చేసేవాళ్ళలో హఠాత్తు గుండె మరణాలు తక్కువని తేలింది. ప్రకటనల్లో ఇదే తిప్పి తిప్పి చెప్తారు. వాళ్ళందరూ నడివయసు ఫిన్లాండు మగవాళ్ళు, చిన్నప్పటి నుంచీ ఆ వేడికి అలవాటు పడ్డవాళ్ళు. పైగా అంత తీరిక, అంత ఓపిక ఉన్నవాళ్ళ గుండె మామూలుగానే బాగుండే అవకాశముంది. అది మందు చీటీ కాదు. బీపీ మందులు వేసుకునేవాళ్ళు, గుండె జబ్బు ఉన్నవాళ్ళు, గర్భిణులు డాక్టరును అడగందే లోపలికి పోవద్దు. తాగి అసలే పోవద్దు. మొదట్లో పది నిమిషాలు చాలు, మజ్జిగ చెంబు బయట సిద్ధంగా పెట్టుకోండి.

ఖర్చు విని గుండె గుభేలుమన్నవాళ్ళకు వేరే దారి. మీ పెరట్లో నీళ్ళ పొయ్యి ఉంది కదా, రాగి అండాతో. దాని పక్కనే గోడ కలిపి చిన్న గది కట్టించి, ఒకే మంటతో ఇటు రాళ్ళూ అటు ఉడుకు నీళ్ళూ కాగేలా మేస్త్రీతో చెప్పి చేయించుకోండి. ఫిన్లాండు పల్లెల్లో కూడా సౌనా పొయ్యికి నీళ్ళ తొట్టి అతికించే ఉంటుంది. బాలింతకు వావిలాకు వేసి కాచిన నీళ్ళు పోసిన చేతులకు ఈ పని కొత్తగా ఉండదు. నీలగిరి ఆకు కావాలంటే హార్సిలీ హిల్స్ దాకా పోనక్కర్లేదు, రోడ్డు పక్కన చాలా ఉంది. కానీ నూనె నేరుగా రాళ్ళ మీద పోయకండి, భగ్గున అంటుకుంటుంది. రెండు చుక్కలు చెంబు నీళ్ళలో కలిపి పోయండి.

చివరగా, ఈ గది వల్ల ఇంట్లో అందరికంటే సంబరపడేది ఎవరో తెలుసా? ఉతికిన బట్టలు ఆరక నాలుగు రోజులుగా వంటింట్లో కూడా తాడు కట్టుకున్నవాళ్ళు. మీరు చెమట పట్టించుకుని బయటికి రాగానే చీరలూ పంచెలూ లోపలికి పోతాయి. పోనివ్వండి, కాదనలేం. పొయ్యి పూర్తిగా ఆర్పి, రాళ్ళు చల్లబడ్డాకే, అదీ పొయ్యికి ఎదుటి గోడ వైపే. సౌనాల దేశంలో వాటికి నిప్పంటుకోవడానికి ఒక పెద్ద కారణం ఇదే, పొయ్యి పైన ఆరేసిన బట్ట జారి రాళ్ళ మీద పడటం. కరెంటు పొయ్యికి టైమరు ఉంటే ఇంకో చిక్కు. ముందురోజు ఎవరో పెట్టిన టైముకు అదే వెలుగుతుంది, లోపల చీరలున్నాయని దానికి తెలియదు. కాబట్టి ముందే టైము పెట్టి వెలిగించే టైమరు వద్దని చెప్పి, చేత్తో వేసే స్విచ్ బయట గోడకు, పిల్లలకు అందని ఎత్తులో పెట్టించండి.